మార్కాపురంలో చేతుల శిక్షణ, రాచర్ల దగ్గర ఒక చెయ్యి

నరసరావుపేటలో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి పదేళ్లయింది. వచ్చేవాళ్లలో ఎక్కువమందివి మోకాళ్లు, నడుములు, మెడలు. చేతి దెబ్బలతో వచ్చేవాళ్లు తక్కువ. వచ్చినప్పుడు కాలేజీలో ఎప్పుడో చదివింది గుర్తుచేసుకుని, మిగతాది ఊహించి నెట్టుకొచ్చేదాన్ని. రెండేళ్ల కిందట ఒక టైలరు కుడిచేతి చూపుడు వేలు విరిగి, కట్టు విప్పాక వేలు వంగడం లేదని వచ్చాడు. నాకు తెలిసిన నాలుగు వ్యాయామాలూ చెప్పాను. నెల రోజులు వచ్చి మానేశాడు. ఈ మధ్య ఆయన దుకాణం ముందు నుంచి వెళ్తూ చూస్తే ఎడమచేత్తో కత్తెర పట్టుకుని గుడ్డ కత్తిరిస్తున్నాడు. నన్ను చూసి నవ్వి నమస్కారం పెట్టాడు. కోప్పడి ఉంటే ఇంటికి వచ్చి మర్చిపోయేదాన్నేమో. ఆ నమస్కారం మాత్రం రెండు రోజులు నన్ను వదల్లేదు. అదే వారం మా ఫిజియోల వాట్సాప్ గ్రూపులో మార్కాపురంలో చేతి చికిత్స మీద ఒకరోజు శిక్షణ ఉందని సందేశం వచ్చింది. ఫిజియోలు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు, నర్సులు ఎవరైనా రావచ్చు. భోజనంతో కలిపి పదిహేను వందలు. వెంటనే పేరు ఇచ్చేశాను.

శనివారం పొద్దున్నే గుంటూరు వైపు నుంచి వచ్చే రైలెక్కాను. నరసరావుపేట నుంచి మార్కాపురం రోడ్ స్టేషనుకు రెండున్నర గంటలు పట్టింది. సాధారణ టికెట్ వంద లోపే. వినుకొండ దాటితే కిటికీ పక్క సీటు సులభంగా దొరుకుతుంది. దొనకొండ వచ్చేసరికి పొలాల రంగు మారి, ఎర్రమట్టి, రాళ్లు, మధ్యమధ్య గొర్రెల మందలు కనిపిస్తాయి. స్టేషను బయట ఊళ్లోకి షేర్ ఆటోలు దొరుకుతాయి, మనిషికి ఇరవై. నేనెక్కిన ఆటో నడిపే ఆయనకు యాభై ఏళ్లుంటాయి. ఫంక్షన్ హాలు పేరు చెప్పగానే, "పెండ్లి కాదు గదమ్మా ఈ పొద్దు, ఏముంది ఆడ?" అని అడిగాడు. చేతుల వైద్యం మీద శిక్షణ అన్నాను. "చేతులకు కూడా ట్రైనింగు ఉంటదా? నేను పన్నెండేండ్లు పలకల ఫ్యాక్టరీలో చేసినా. మిషను మీద పలక కోసీ కోసీ ఈ రెండు వేళ్లు రాత్రయితే మొద్దుబారతాయి. ఎవురికీ చూపీలేదు" అంటూ హ్యాండిల్ మీద నుంచి చెయ్యి ఎత్తి చూపించాడు. ఎందుకు చూపించలేదని అడిగితే, "వేళ్లు వంగుతున్నాయి గదా, ఇంకేం చూపీయాల" అన్నాడు. వీలైతే మధ్యాహ్నం హాలుకు రమ్మన్నాను. కిరాయి ఉంటే రాలేనన్నాడు. రాలేదు కూడా.

శిక్షణ హాలు పైఅంతస్తులో జరిగింది. ఇరవై మందికి పైగా వచ్చాం. ఒంగోలు, కనిగిరి, కంభం, గిద్దలూరు, ఇంకా చిన్న ఊళ్ల నుంచి. నేర్పడానికి వచ్చిన వసుంధర మేడం ముప్పై ఏళ్లుగా చేతులే చూస్తున్న ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఆవిడ తెరమీద బొమ్మలేవీ వేయకుండా ముందు అందరి కుడిచేతులకు స్ప్లింట్లు కట్టించారు. స్ప్లింట్ అంటే దెబ్బ తగిలిన చేతిని కదలకుండా సరైన వంపులో నిలిపే ప్లాస్టిక్ తొడుగు. అది కట్టుకునే టీ తాగమన్నారు, సంచి జిప్పు తీయమన్నారు, తలా ఒక పలక ఇచ్చి పేరు రాయమన్నారు. పదినిమిషాలకే అందరం దాన్ని విప్పేయాలని చూస్తున్నాం. "ఆరువారాలు విప్పొద్దని రోగికి చెప్పేముందు ఈ పదినిమిషాలు గుర్తుంచుకోండి" అన్నారు మేడం.

తర్వాతి పాఠం టెండన్ల గురించి. కండను ఎముకకు కట్టి ఉంచే తాళ్లవి. మన దగ్గర జనం వాటిని కూడా నరాలనే అంటారు. వేళ్లు వంచే ఈ తాడు కొడవలికో గాజుకో తెగితే సర్జన్ సన్నని దారంతో కుడతాడు. చర్మం రెండు వారాల్లో మానిపోయినా లోపలి అతుకు గట్టిపడటానికి మూడు నెలల దాకా పడుతుంది. మేడం సంచిలోంచి పసుపుపచ్చ రబ్బరు బంతి తీసి పట్టుకున్నారు. "చేతి దెబ్బతో వచ్చినవాళ్లకు దీన్ని ఇచ్చి పిసకమని చెప్పేవాళ్లు ఎంతమంది?" దాదాపు అందరం చేతులెత్తాం. "టెండన్ కుట్టిన చెయ్యి అయితే మొదటి వారాల్లో ఇది ఇవ్వకూడదు. అతుకు ఆ బలం ఆపలేదు. లోపల తెగిపోతుంది. పైన మచ్చ మాత్రం శుభ్రంగా మానినట్టే ఉంటుంది" అన్నారు. నా పక్క కుర్చీలో కూర్చున్న అబ్బాయి రాయడం ఆపి పెన్ను కింద పెట్టాడు. మళ్లీ పట్టుకోలేదు.

భోజనం కింద వంటశాల పక్కనే. పప్పు, దొండకాయ వేపుడు, చారు, మజ్జిగ. వంట చేసిన ఆవిడ మధ్యాహ్నం స్ప్లింట్ రేకులు మెత్తబరచడానికి పెద్ద గిన్నెలో నీళ్లు కాస్తూ, "ఈ ప్లాస్టికును ఎంతసేపు ఉడకబెట్టాలమ్మా? మెత్తగానా, పలుకు పలుకుగానా?" అని అడిగితే అందరం నవ్వాం. పక్క సీటు అబ్బాయి నవ్వలేదు. విస్తరి ముందు కూర్చున్నాడు గాని చెయ్యి పెట్టలేదు. నేనే పలకరించాను. పేరు మల్లికార్జున, ముప్పై దాటి ఉండవు. గిద్దలూరులో సొంతంగా చిన్న సెంటరు నడుపుతున్నాడు. చుట్టుపక్కల పల్లెలకు ఫిజియో అంటే అతనొక్కడే.

"ఏం తమ్ముడూ, ఒంట్లో బాగాలేదా?"

"అది కాదక్కా. రాచర్ల పక్కన పల్లె నుంచి ఒకామె వస్తాది నా దగ్గరికి. జొన్న కోస్తుంటే కొడవలి జారి ఉంగరం వేలు, చిటికెన వేలు నరాలు తెగినాయి. నంద్యాలలో కుట్టించుకున్నారు. మూడోవారం కుట్లు తీసి, ఇంటి దగ్గర ఫిజియో చేయించుకో అని రాసి పంపినారు. అంతకుమించి ఆ కాగితంలో ఏమీ లేదు. పుండు బాగా మానింది. ఇంక ఏముందిలే అని పట్టీ తీసేసి..." అని ఆగాడు. "బంతి ఇచ్చినా. రోజుకు నూరు సార్లు పిసకమని చెప్పినా. ఇప్పుడు ఆరో వారం."

నేను కూడా అదే చెప్పి ఉండేదాన్ని, ఆ రోజు పొద్దున దాకా. భోజనాల తర్వాత ఇద్దరం వెళ్లి మేడంకి చెప్పాం. ఆవిడ అతన్ని తిట్టలేదు, ఫరవాలేదని కూడా అనలేదు. "ఇప్పుడే ఫోన్ చేసి బంతి ముట్టుకోవద్దని చెప్పు. రేపు వెళ్లి చెయ్యి చూడు. తర్వాత నిజం చెప్పు. రెండూ నువ్వే చెయ్యాలి" అన్నారు. అతను మెట్ల దగ్గర నిలబడి ఫోన్ చేస్తే ఆమె భర్త ఎత్తాడు. బంతి ఆపమంటే, "బాగా చేస్తున్నాది సారూ, ఎందుకు ఆపాల?" అన్న గొంతు నాకూ వినిపించింది. రేపు వచ్చి చెప్తానన్నాడు మల్లికార్జున. సాయంత్రం మేడం స్ప్లింటుకు సరిపడా ప్లాస్టిక్ రేకు, అంటించే పట్టీలు అతని చేతికిచ్చారు. ఎలా చుట్టాలో నేను ఆవిడ ముందు రెండుసార్లు చేసి చూపించాను. మెట్లు దిగుతుంటే అతను అడిగాడు. "అక్కా, నువ్వు కూడా రేపు వస్తావా? ఒక్కడినే కట్టలేనేమో." ఆ సాయంత్రం రైలుకు వెళ్లిపోవాల్సినదాన్ని. బస్టాండు ఎదురుగా లాడ్జిలో తొమ్మిది వందలకు గది తీసుకుని ఉండిపోయాను. అతనూ ఆ రాత్రి ఊళ్లోనే ఆగాడు.

ఆదివారం ఏడింటికి గిద్దలూరు బస్సెక్కాం. కంభం, బేస్తవారిపేట మీదుగా రెండు గంటల ప్రయాణం. పల్లెవెలుగు కాబట్టి ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ నాకు ఇచ్చారు, మల్లికార్జున తన టికెట్ కొనుక్కున్నాడు. దారిలో టైలరు సంగతి అతనికి చెప్పాను. "మళ్లా పోయి చూసినావా ఆయన్ను?" అని అడిగాడు. లేదన్నాను. "భయమా?" అన్నాడు. నిందించాలని అడగలేదు, తెలుసుకోవాలని అడిగాడు. అవునన్నాను. బస్సు బేస్తవారిపేటలో ఆగినప్పుడు ఫోన్లో టైలరు నంబరు వెతికి పట్టుకుని మాట్లాడాను. మంగళవారం షాపు మూసే రోజు, వస్తానన్నాడు. ఎందుకు రమ్మంటున్నానని ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

గిద్దలూరు బస్టాండు దగ్గర బండి మీద దోసెలు తిని, అక్కడే పెట్టి వెళ్లిన అతని మోటారు సైకిలు మీద రాచర్ల వైపు బయల్దేరాం. బండి లేనివాళ్లకు రాచర్లకు ఆటోలుంటాయి, నిండేదాకా ఆగితే మనిషికి ముప్పై నలభై తీసుకుంటారు. రాచర్ల నుంచి లోపలి పల్లెలకు మాత్రం ఆటో మాట్లాడుకోవాల్సిందే. మేం వెళ్లేసరికి పదిన్నర. ఆమె పేరు సువార్తమ్మ. నలభై అయిదేళ్లుంటాయి, కూలిపనులకు వెళ్తుంది. ఇంటి దగ్గర ఎవరూ లేరు. ఆదివారం కదా, చర్చిలో ఉన్నారన్నారు పక్కింటివాళ్లు. చర్చి బయట వేపచెట్టు నీడలో బండి ఆపి కూర్చున్నాం. లోపల పాట మొదలైతే అందరూ చప్పట్లు కొడుతున్నారు. తలుపులోంచి ఆడవాళ్ల వరస కనిపిస్తోంది. ఒకావిడ ఎడమచేత్తో కుడిచెయ్యిని గుండెకు అదిమి పట్టుకుని, చప్పట్లు కొట్టకుండా పాడుతోంది. "ఆమేనక్కా" అన్నాడు మల్లికార్జున. గంటన్నర అక్కడే కూర్చున్నాం. అంతసేపు కూర్చోవడం మంచిదే అయింది. ఏం చెప్పాలో అతను మనసులో నాలుగైదుసార్లు అనుకుని ఉంటాడు.

"ఏంది సారూ, ఆదివారం పూట ఇంత దూరం వచ్చినారు? బుధవారం నేనే వస్తా గదా" అంటూ సువార్తమ్మ మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లి మంచం వాల్చింది. భర్త యేసోబు చెంబుతో నీళ్లు ఇచ్చి గడప మీద కూర్చున్నాడు. నన్ను నరసరావుపేట డాక్టరమ్మ అని పరిచయం చేశాడు మల్లికార్జున. ఆమె చేతిని తన మోకాలి మీద పెట్టుకుని, నిన్న నేర్చుకున్నట్టే ఒక్కొక్క వేలి మధ్య కణుపును పట్టుకుని, కొనను మెల్లగా వంచమన్నాడు. బలం పెట్టొద్దమ్మా అని రెండుసార్లు చెప్పాడు. ఉంగరం వేలి కొన కొద్దిగా వంగింది. చిటికెన వేలి కొన కదల్లేదు. మళ్లీ అడిగాడు. కదల్లేదు. ఆ వేలిని వదలకుండానే చెప్పాడు.

"అమ్మా, నేను మీకు బంతి పిసకమని చెప్పినా గదా. అది చెప్పకూడదు. లోపల కుట్టిన నరం అతుక్కోకముందే దాని మీద బలం పడింది. చిటికెన వేలి నరం మళ్లీ తెగినట్టుంది. ఇది మీ వల్ల కాదు. నాకు తెలీక నేను చెప్పినా. నా తప్పు."

ముందుగా మాట్లాడింది యేసోబు. "నీ మాట నమ్మి దినామూ పక్కన కూసోని లెక్కపెట్టినా నేను. నూరు సార్లు. ఆమె చాలంటే కూడా ఇనకుండా చేయించినా" అన్నాడు. గొంతు పెంచలేదు. లేచి బయటికి వెళ్లిపోయాడు. మల్లికార్జున తల వంచుకున్నాడు. నాకు ఏదో ఒకటి చెప్పి సర్దాలనిపించింది. ఈ పని అందరం చేస్తామనో, అతను చిన్నవాడనో. నోటిదాకా వచ్చిన మాట ఆపుకున్నాను. ఆ మాటతో సువార్తమ్మకు ఏమీ ఒరగదు.

ఆమె తన చేతిని చూసుకుంటూ మెల్లగా అంది. "పోయిన ఆదివారం టప్పుమనింది సారూ, లోపల దారం తెగినట్టు. ఆ పొద్దే అనుకున్నా ఏదో అయిందని."

"బుధవారం నా దగ్గరికి వచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే నువ్వు సరిగ్గా చెయ్యలేదంటారేమోనని. మా ఇంటాయనకు కూడా చెప్పలే."

ఇన్నేళ్లలో నేను ఎంతమందిని అలా అన్నానో గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించి ఆపేశాను. ఎవరైనా మెరుగుపడకపోతే నేను మొదట అడిగే మాట అదే, ఇంట్లో సరిగ్గా చేస్తున్నారా అని.

"ఉంగరం వేలన్నా నిలబడతాదా?" అని అడిగింది ఆమె.

"నిలబెట్టుకుందామమ్మా. ఈ పొద్దు నుంచే మొదలుపెడదాం" అన్నాడు మల్లికార్జున.

వసుంధర మేడంకి ఫోన్ చేశాం. తెగి వారమే అయింది కాబట్టి ఆలస్యం చేయకుండా ఆ సర్జన్ దగ్గరికే తీసుకెళ్లమని, ఈలోగా రెండు వేళ్లకూ కలిపి స్ప్లింట్ కట్టమని చెప్పారు. సువార్తమ్మ కట్టెల పొయ్యి వెలిగించబోతే యేసోబే లోపలికి వచ్చి చితుకులు పెట్టి ఊదాడు. సత్తు గిన్నెలో నీళ్లు పోసి పెట్టాం. మరగకూడదు, గిన్నె అడుగున చిన్న బుడగలు కనిపిస్తే చాలు. రేకు మెత్తబడగానే తీసి గుడ్డతో అద్ది, వేడి ముందు నా మణికట్టు మీద చూసుకుని, ఆమె చేతి వెనక వైపు పరిచాం. మణికట్టు కొద్దిగా వంగి, వేళ్లు వెనక్కి చాచుకోలేకుండా ఉండాలి. నాలుగు చేతులు చాల్లేదు. "అన్నా, మోచెయ్యి పట్టుకుంటావా?" అని అడిగాడు మల్లికార్జున. యేసోబు వచ్చి భార్య మోచేతి కింద రెండు అరచేతులూ పెట్టి, అది గట్టిపడేదాకా కదలకుండా కూర్చున్నాడు. మొదటిసారి మణికట్టు ఎముక దగ్గర ఒత్తుకుంటోందని సువార్తమ్మే చెప్పింది. ఆ మాట చెప్పినందుకు ఇద్దరం సంతోషించాం. ఆ చోట మళ్లీ వేడి చేసి సరిచేశాం.

అంతా అయ్యాక యేసోబు అడిగాడు. "రేపు నంద్యాలకు నువ్వు కూడా వస్తావా? ఆ డాక్టరుకు నువ్వే చెప్పాల జరిగింది. మాకు చెప్పను రాదు."

"వస్తా అన్నా. నేనే చెప్తా" అన్నాడు మల్లికార్జున. సువార్తమ్మ అన్నం తిని పొమ్మంది. ఉప్మా లాంటిదేదో చాలంటే వినలేదు. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, అంటే మన గోంగూర పప్పే, పెట్టింది. మల్లికార్జున నిన్నటి మధ్యాహ్నం నుంచి సరిగ్గా తిన్నది అప్పుడే.

నేను ఆ సాయంత్రం ఇంటికి తిరిగొచ్చాను, సోమవారం వాళ్లు ముగ్గురూ గిద్దలూరు నుంచి రైల్లో నంద్యాల వెళ్లారు. మల్లికార్జున ఏదీ దాచకుండా సర్జన్‌కు చెప్పాడు. ఆయన కోప్పడతాడనుకుంటే, కాసేపు తాను రాసిన పాత కాగితం చూసి, ఫిజియోకి ఏం చేయకూడదో తానూ రాయాల్సిందన్నాడట. గురువారం చిటికెన వేలు మళ్లీ కుట్టారు. ఈసారి ఇచ్చిన కాగితంలో ఏ వారం ఏం చేయాలో, ఏం చేయకూడదో రాసి ఉంది. మల్లికార్జున దాన్ని ఫోటో తీసి నాకు పంపాడు. ఇప్పటికి మూడున్నర నెలలయింది. మొన్న వీడియో కాల్‌లో సువార్తమ్మ చెయ్యి చూపించింది. ఉంగరం వేలు అరచేతికి తగులుతోంది. చిటికెన వేలు సగం దాకా వచ్చి ఆగిపోతుంది, బహుశా అంతకంటే రాదు. మిరపకాయలు కోయడానికి వెళ్తోంది. కొడవలి మాత్రం ఇంకా పట్టలేదు. బుధవారాలు మల్లికార్జునే వాళ్ల ఊరు వెళ్లి చూసి వస్తున్నాడు. యేసోబు ఇప్పటికీ అతనితో ఎక్కువ మాట్లాడడు, కానీ వచ్చినప్పుడల్లా పక్కనే కూర్చుని చూస్తాడట. టైలరు ఆ మంగళవారం చెప్పినట్టే వచ్చాడు, నా తప్పు ఆయనకూ చెప్పాను, ఇప్పటికీ వారం వారం వస్తున్నాడు.

శిక్షణలంటే నాకు ఇదివరకు ఒక సర్టిఫికెట్, కొత్త పరిచయాలు, గోడకు ఇంకో ఫ్రేము. తెలియనిది నేర్చుకుంటాం, ఇకమీద వచ్చేవాళ్లకు ఉపయోగపడుతుంది అనుకునేదాన్ని. కానీ మనం నేర్చుకున్నది ముందుగా వెనక్కి వెళ్తుంది. అది తెలియకముందు మన చేతుల్లోంచి వెళ్లిపోయినవాళ్లు ఒక్కొక్కరే గుర్తుకొస్తారు. అందరినీ వెతికి పట్టుకోలేం, పట్టుకున్నా అన్నీ సరిచేయలేం. మల్లికార్జున ఆ మంచం మీద కూర్చుని నా తప్పు అన్నప్పుడు సువార్తమ్మ వేలు తిరిగి రాలేదు. కానీ వారం రోజులుగా తనలోనే దాచుకున్న మాట ఆమె అప్పుడే బయటపెట్టింది. ఆ మాట వల్లే తెగి వారమేనని తెలిసి, మర్నాడే సర్జన్ దగ్గరికి వెళ్లగలిగారు.

చివరిగా, ఇలాంటి శిక్షణకు మార్కాపురమో ఇంకో ఊరో వెళ్లేవాళ్లకు ఒక మాట. పాత రోగుల నంబర్లు ఫోన్లో పెట్టుకుని వెళ్లండి, శిక్షణ మర్నాడు క్లినిక్కుకు సెలవు పెట్టుకోండి. తిరుగు టికెట్ ఆ రోజు సాయంత్రానికి తీసుకోవద్దు. ఎవరో ఒకరి ఇంటికి వెళ్లాల్సి వస్తుంది.